డస్క్ గేమ్ పాత లాప్‌టాప్‌లో ఆడినవాళ్ళు ఉన్నారా?

పర్లాకిమిడి_తమ్ముడు:
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి, పాతపట్నం రోడ్డు వైపు. మా అన్నయ్య వాడి వదిలేసిన లాప్‌టాప్ ఉంది, ఐ3, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. కొత్త గేమ్ ఏది వేసినా ఫ్యాన్ మిక్సీలా అరుస్తుంది, ఆట మాత్రం ఆగి ఆగి కదులుతుంది. మొన్న డస్క్ అనే షూటింగ్ గేమ్ వీడియో చూశాను. బొమ్మలన్నీ పలకలు పలకలుగా పాతకాలం గేమ్‌లా ఉన్నాయి గానీ ఆ స్పీడ్ చూశాక అదే కావాలనిపించింది. పిల్లలకి ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బులు కాబట్టి కొనే ముందు అడుగుతున్నా. ఇలాంటి మెషిన్‌లో నడుస్తుందా? ఇంకొకటి, నేను చదివింది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, ఇంగ్లీష్ చదవడానికి టైమ్ పడుతుంది. కథ అర్థం కాకపోతే మధ్యలో ఇరుక్కుపోతానా?

రాయగడ_ప్యాసింజర్:
తమ్ముడూ, నడుస్తుంది. నాదీ దాదాపు అదే మెషిన్, గేమ్‌లో ఉన్న మూడు భాగాలూ, అంటే ఎపిసోడ్లు, దాని మీదే పూర్తి చేశాను. రిజల్యూషన్, అంటే బొమ్మ ఎంత స్పష్టంగా కనబడాలో అది, 720కి దించాను, షాడోలు తగ్గించాను, బ్రౌజర్ మూసేసి ఆడాను, అంతే. వేరే గేమ్‌లో రిజల్యూషన్ దించితే తుడవని అద్దంలో ముఖం చూసినట్టు ఉంటుంది, ఇందులో ఆ బాధ లేదు, బొమ్మని ఇంకా పిక్సెల్ పిక్సెల్‌గా చేసే సెట్టింగ్ గేమ్‌లోనే పెట్టారు. ఒక్కటి మాత్రం ముందే చూసుకో, లాప్‌టాప్‌లో విండోస్ 7 ఉంటే స్టీమ్, అంటే గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్, పనిచేయదు, 2024 జనవరి నుంచి 7కీ 8కీ సపోర్ట్ ఆపేశారు. విండోస్ 10 వేయించు. కొన్నాక రెండు గంటల లోపే ఆడి, 14 రోజుల లోపు అడిగితే స్టీమ్ డబ్బులు వెనక్కి ఇస్తుంది. కాబట్టి మొదటి గంటలోనే అన్ని సెట్టింగ్స్ పెట్టి చూసుకో, నడవకపోతే మొహమాటపడకు.

బరంపురం_పాతగేమర్:
స్పీడ్ నచ్చిందన్నావు చూడు, అసలు సంగతి అదే. నేను డూమ్ అనే పాత షూటింగ్ గేమ్ కాలం నాటివాడిని. డూమ్ 1993 డిసెంబర్ 10న వచ్చింది, మొదటి ఎపిసోడ్ ఊరికే పంచిపెట్టారు కాబట్టే మా బరంపురం దాకా ఫ్లాపీల్లో చేరింది. డస్క్ పూర్తి వెర్షన్ 2018లో సరిగ్గా అదే డిసెంబర్ 10న విడుదల చేశారు, డూమ్‌కి 25 ఏళ్ళు నిండిన రోజు. గేమ్‌ని చాలావరకు డేవిడ్ షిమాన్స్కీ ఒక్కడే తయారుచేశాడు, పబ్లిషర్ న్యూ బ్లడ్ ఇంటరాక్టివ్ అనే చిన్న సంస్థ, సంగీతం ఆండ్రూ హల్షల్ట్. చూడటానికి 1996 నాటి క్వేక్ గేమ్‌లా ఉంటుంది గానీ లోపల గేమ్‌ని నడిపేది ఈ కాలపు యూనిటీ ఇంజిన్.

పాత లుక్ అంటే చౌకగా చేసేశారని కొందరు తీసిపడేస్తారు, నాకు అది నచ్చదు. ఒక్క మనిషి నిజం మొహాల్లాంటి మొహాలు, వెంట్రుకలు చేస్తూ కూర్చుంటే లెవెల్స్ ఎప్పుడు చేస్తాడు? ఇందులో శత్రువు ఎంత దూరంలో ఉన్నా ఆకారం చూడగానే ఎవడో తెలిసిపోతుంది, వాడు విసిరేది చాలావరకు కంటికి కనబడుతూ వస్తుంది, పక్కకి జరిగి తప్పించుకోవచ్చు. ఇప్పటి షూటర్లలాగా గోడ చాటున నక్కి కూర్చుంటే ఇక్కడ చస్తావు. కదులుతూనే ఉండాలి, దూకుతూ కాల్చాలి. గుండ్లు మళ్ళీ నింపుకోవడం కూడా ఉండదు, ఆర్ నొక్కితే తుపాకీ వేలి మీద గిర్రున తిరుగుతుంది, అంతే. రెండు చేతుల్లో రెండు షాట్‌గన్లు పట్టుకుని కొట్టంలోకి దూకినప్పుడు నా చేతులు వణికాయి, నలభై దాటిన వాణ్ణి నేను.

సిరొంచ_గోదారి:
భాష గురించి టెన్షన్ పడకు తమ్మీ. మాది సిరొంచ, గోదారి దాటితే కాళేశ్వరం. నేను మరాఠీ మీడియం, ఇంట్ల తెలుగే. గేమ్‌లో ఎర్ర తాళంచెవితో ఎర్ర తలుపు, నీలం దానితో నీలం తలుపు, పసుపు దానితో పసుపు తలుపు, దీనికి ఏ భాష కావాలి? కథ గోడల మీది రాతల్లో, మధ్యమధ్య వినిపించే గొంతులో ఉంటుంది, అర్థమైతే ఇంకా భయం వేస్తుంది, కాకపోయినా దారి ఆగదు. చదవడానికి పేజీలు పేజీలు ఉన్న గేమ్స్ నేను సగంలో వదిలేశాను, ఇది మాత్రం మా తమ్ముడు ఎనిమిదో తరగతిలో ఉండి మొదటి లెవెల్ దాటేశాడు. రక్తం బాగా ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ ముందు పెట్టకు, మా అమ్మ నన్ను ఆ విషయంలో తిట్టింది, తిట్టడం సబబే.

నెట్ సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర సిగ్నల్ వానాకాలంలో దేవుడి దయ. అందుకే నేను గాగ్ అనే ఇంకో ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్నాను, అక్కడ ఇన్‌స్టాలర్ ఫైల్‌నే దించుకోవచ్చు. పని మీద చంద్రపూర్ వెళ్ళినప్పుడు అక్కడ దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా, తర్వాత నెట్ అసలు అడగలేదు. కరెంట్ పోతే మాత్రం జాగ్రత్త, నా లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి రెండేళ్ళయింది. ఎన్నిసార్లు లెవెల్ చివర్లో పోయిందో. ఇప్పుడు గది మారినప్పుడల్లా క్విక్ సేవ్ నొక్కుతున్నా, అలవాటైపోయింది.

జయపురం_అక్క:
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను, నాకు ఈ గేమ్ మొదట్లో కడుపులో తిప్పింది. నిజంగా వాంతి వచ్చినంత పనైంది, ఇరవై నిమిషాలకి మూసేసి పడుకున్నాను, డబ్బులు పోయాయే అని ఏడుపొచ్చింది. తర్వాత సెట్టింగ్స్‌లో ఎఫ్‌ఓవీ పెంచాను, అంటే తెరమీద పక్కలకి ఎంత కనబడాలో అది. స్క్రీన్‌కి కొంచెం దూరం జరిగి, గదిలో లైట్ వేసుకుని, అరగంటకోసారి లేచి నీళ్ళు తాగుతూ ఆడాను. వారంలో అలవాటైంది. ఈ సమస్య ఉన్నవాళ్ళు తమలో ఏదో లోపం అనుకోకండి, ఇంత వేగంగా తిరిగే గేమ్‌లో చాలామందికి వస్తుంది.

కానీ రెండో ఎపిసోడ్‌లో ఎషర్ ల్యాబ్స్ అనే లెవెల్ ఉంది, అక్కడ నేల ఏదో గోడ ఏదో తెలీదు. అది మాత్రం మూడు రోజులు తీసుకుని ఆడాను. అంత కష్టపడ్డా అదే నాకు అన్నిటికంటే ఇష్టమైన లెవెల్.

బల్లార్షా_నైట్‌షిఫ్ట్:
నాది కొంచెం వేరే మాట. తమ్ముడు డబ్బులు కూడబెట్టుకున్నాడు కాబట్టి ముందు ఫ్రీగా చూడమంటాను. డూమ్ సోర్స్ కోడ్, అంటే గేమ్ అసలు ప్రోగ్రామ్, 1997లోనే బయటపెట్టారు, దాని మీద ఫ్రీడూమ్ అని పూర్తిగా ఉచితమైన గేమ్ ఉంది, దాన్ని నడిపే క్రిస్పీ డూమ్ లాంటి ప్రోగ్రామ్‌తో ఆడితే మీ లాప్‌టాప్ ఫ్యాన్ కూడా తిరగదు. ఈ రకం ఆట నీకు పడుతుందో లేదో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. పడితే అప్పుడు డస్క్ కొను, అదీ స్టీమ్ సమ్మర్ సేల్ దాకా ఆగి.

క్రాక్ కాపీ, అంటే డబ్బు కట్టని దొంగ కాపీ, జోలికి మాత్రం వెళ్ళకు. మా దగ్గర ఒక షాపులో పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాను ఒకసారి, గేమ్‌తో పాటు వైరస్ వచ్చి నా చెల్లి కాలేజీ ఫైళ్ళన్నీ పోయాయి. ఒక్కడు కూర్చుని చేసిన గేమ్‌కి డబ్బు ఇవ్వకపోతే వాడు ఇంకోటి ఎలా చేస్తాడు?

రాయగడ_ప్యాసింజర్:
ఫ్రీడూమ్ మంచిదే అన్నా, కానీ మొదటి అనుభవం డస్క్‌తోనే అయితే ఆ కిక్ వేరు. గేమ్ మొదలవగానే నేలమాళిగలో లేస్తావు, చేతిలో రెండు కొడవళ్ళు, ఎదురుగా సంచి ముసుగుల్లో ముగ్గురు, చైన్‌సాలతో. బయటికొస్తే మొక్కజొన్న చేను, చీకటి. మా వైపు మొక్కజొన్న చేల గట్ల మీద రాత్రి నడిచొచ్చిన వాడికి ఆ ఆకుల చప్పుడు తెలుసు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే నేను రెండుసార్లు వెనక్కి తిరిగి నా గది తలుపు చూశాను.

పర్లాకిమిడి_తమ్ముడు:
అందరికీ చాలా థాంక్స్. బల్లార్షా అన్న చెప్పినట్టు ముందు ఫ్రీడూమ్ ఆడాను, నచ్చింది, సేల్‌లో డస్క్ కొన్నాను. విండోస్ 10 వేయించాక 720లో బాగానే నడుస్తోంది, శత్రువులు ఒకేసారి ఎక్కువమంది వస్తే మాత్రం కొంచెం ఆగుతోంది. అక్క చెప్పిన ఎఫ్‌ఓవీ మొదటి రోజే పెంచేశాను. నిన్న రాత్రి మొదటి ఎపిసోడ్ అయిపోయింది. ఒక్క డౌట్, ఒక మూల దాచిన గదిలో సబ్బుబిళ్ళ దొరికింది, చేత్తో పట్టుకుంటే వస్తోంది గానీ దేనికో తెలీలేదు, అక్కడే వదిలేశాను.

బరంపురం_పాతగేమర్:
అయ్యో, వదిలేశావా! వెనక్కి వెళ్ళి తీసుకో. శత్రువు మీదకి విసురు, తగిలితే ఒక్క దెబ్బకే చస్తాడు, పెద్ద పెద్ద శత్రువులైనా అంతే.