ఇంగ్లండ్ పల్లెల్లో ఎక్కడైనా నడిచే హక్కు ఉండాలా, ఉన్న కాలిబాటలు చాలా?

కొండదారి:
డెవాన్‌లోని డార్ట్‌మూర్ కొండబయళ్లలో గుడారం వేసుకునే హక్కు జనానికి ఉందని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పట్నుంచీ మా నడక బృందంలో ఇదే వాదన. స్కాట్లాండ్‌లో 2003 చట్టం వచ్చాక ఇళ్ల పెరళ్లు, పంట ఉన్న చేలు లాంటివి తప్ప దాదాపు ఎక్కడైనా నడవొచ్చు. ఇంగ్లండ్‌లో 2000 నాటి చట్టం అలా తెరిచింది సుమారు 8 శాతం నేలనే. మిగతా చోట్ల ఫుట్‌పాత్, అంటే పొలాల మధ్య జనానికి నడిచే హక్కున్న కాలిబాట, దిగకూడదు. స్కాట్లాండ్ పద్ధతి ఇక్కడికీ రావాలా?

డేల్స్‌వాసి:
వద్దండీ. మేముండేది యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల్లో, చుట్టూ గొర్రెల మందలే. మార్చి, ఏప్రిల్ అంటే అవి ఈనే రోజులు. కుక్క కరవనక్కర్లేదు, వెంటపడితే చాలు, చూలు గొర్రెకు కడుపు పోవచ్చు. గేటు తీసినవాళ్లు వెయ్యకుండా పోతే రెండు మందలు కలిసిపోతాయి, రైతుకు ఆ పూటంతా వాటిని విడదీసే పనే. కర్ల్యూ, లాప్‌వింగ్ పిట్టలు నేలమీదే గుడ్లు పెడతాయి, గూడు పక్కనే నిలబడ్డా మన కంటికి ఆనదు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి రెండు లక్షల కిలోమీటర్లకు పైగా హక్కు బాటలున్నాయి. ముందు అవి నడవండి. వేల ఏళ్ల నాటి రాళ్ల వలయం స్టోన్‌హెంజ్‌నే చూడండి, జనం తొక్కిడికి నేల అరిగిపోతోందనే కదా 1970ల చివర్లో తాడు కట్టారు!

పుంతబాట:
డేల్స్‌వాసి గారూ, గొర్రెల సంగతి మీరన్నది అక్షరాలా నిజం. దానికి కుక్కను కట్టాలి గానీ మనిషిని ఆపితే ఎలా? తెరిచిన నేలల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్క మెడకు రెండు మీటర్లకు మించని తాడు ఉండాలని, మంద దగ్గరైతే ఏడాది పొడవునా ఉండాలని 2000 చట్టంలోనే రాసి ఉంది.

స్టోన్‌హెంజ్ తాడు గురించి అన్నారు. అది ఉన్న విల్ట్‌షైర్‌లోనే ఏవ్‌బరీ కూడా ఉంది. రాళ్ల వలయం మధ్యలోనే ఊరు, రాళ్ల చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి, జనం చేత్తో తాకి చూస్తారు. డార్ట్‌మూర్‌లో గ్రిమ్స్‌పౌండ్ అయితే టికెట్టూ లేదు, తాడూ లేదు. కంచు యుగపు ఊరు అది, పడిపోయిన ప్రహరీ లోపల 24 గుండ్రటి ఇళ్ల పునాదులు. ఒక ఇంటికి గుమ్మం ముందరి వసారా రాళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి. ఆ గుమ్మం దాటి లోపల నిలబడితేనే తెలుస్తుంది, ఎంత ఇరుకులో ఒక కుటుంబం చలికాలాలు గడిపిందో. దూరం నుంచి చూస్తే అవి ఉత్త రాళ్లు.

ఆ 8 శాతం కూడా ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. గ్రౌస్ పిట్టల వేట కోసం మూసి ఉంచిన కిండర్ స్కౌట్ కొండ మీదికి 1932 ఏప్రిల్ 24న వందల మంది కావాలనే ఎక్కారు, ఐదుగురు జైలుకు పోయారు. ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ 1951లో బ్రిటన్‌కు తొలి జాతీయ పార్కు అయింది. మన ఊళ్లలో పుంతలు, డొంకలు ఏమవుతున్నాయో చూస్తూనే ఉన్నాం కదా. పక్క రైతు ఏటా ఒక చాలు కలిపేసుకుంటాడు, చివరికి బండి తిరిగే చోటుండదు. అడిగేవాళ్లు లేని దారి అలాగే పోతుంది.

లెస్టర్ అమ్మాయి:
నాకైతే హక్కు కాగితం మీద ఉండటమే ముఖ్యం. చుడీదార్‌లో, పిల్లలతో పొలం గట్టున నడుస్తుంటే "ఇక్కడేం చేస్తున్నారు?" అని ఆపి అడిగారు. మేమున్నది ఫుట్‌పాత్ మీదే. మ్యాప్‌లో ఆకుపచ్చ గీతల గీత చూపించాకే దారిచ్చారు. గీత లేని చోట ఏం చూపించాలి? ఇంకో మాట, ఆదివారం బస్సే లేని పల్లెలు బోలెడు. కారు లేనివాళ్లకు ఏ చట్టమొచ్చినా అక్కడిదాకా చేరడమే గగనం.

డేల్స్‌వాసి:
అమ్మాయి గారూ, మీకు జరిగింది తప్పే, అలా అడిగే హక్కు ఎవరికీ లేదు. పుంతబాట గారికి ఒకే ప్రశ్న. రెండు మీటర్ల తాడు నియమం పుస్తకంలో ఉంది, సరే. మా కొండ మీద దాన్ని అడిగేదెవరు? కుక్క మంద మీద పడ్డాక రైతు పరిగెత్తుకు రావడమే తప్ప ఆపడానికి మనిషి ఉండడు. ముందు ఒక్కో లోయకు ఒక రేంజర్‌ని వెయ్యమనండి. వేశారా, స్కాట్లాండ్ పద్ధతికి నేనూ సంతకం పెడతాను.