పాత పట్టుచీర మీద పిల్లి ఉచ్చ పోసింది, వాసన ఎలా పోగొట్టాలి?

బరంపురం కోడలు అడిగింది:

అందరికీ నమస్కారం. మా అత్తగారి దగ్గర బరంపురం పట్టుచీర ఒకటి ఉంది, గుడి గోపురాల్లా ఉండే ఫొడా కుంభం అంచుది. పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఠాకురాణి అమ్మవారి యాత్రకి మామయ్యగారు కొనిచ్చారట. ఆయన పోయాక ఆవిడ దాన్ని కట్టడం లేదు, అప్పుడప్పుడు బయటికి తీసి మడత మార్చి పెట్టుకుంటారు. మొన్న ఆదివారం అలాగే తీసి మంచం మీద పరిచారు. గేటు దగ్గర ఎవరో పిలిస్తే ఇద్దరం వెళ్లాం. వచ్చేసరికి మా చింటూ చీర మీద కూర్చుని ఉన్నాడు. చీర తడిసి, కింద పరుపులోకి కూడా దిగింది.

చింటూ 2018లో తిత్లీ తుఫాను వెళ్లిన మర్నాడు మా మెట్ల కింద వణుకుతూ దొరికాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇంట్లో పాడుచేయలేదు. ఈ రెండు వారాల నుంచే తలుపు మూల, గోడ మీద కూడా పోస్తున్నాడు. ఎదురింటి గోడ మీదికి కొత్తగా ఒక గండుపిల్లి వస్తోంది, అందువల్లేనా?

నేల ఫినాయిల్‌తో కడిగాను. పరుపు మీద సర్ఫు నీళ్లు పోసి తుడిచాను. ఆరాక పోయిందనుకున్నాను, రాత్రి వాన పడగానే మళ్లీ గుప్పుమంది. చీరని మాత్రం తడిగుడ్డతో అద్ది వదిలేశాను, ఏం చేస్తే ఏమవుతుందోనని భయం. అత్తగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మళ్లీ కింద పెట్టేశారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

రాయగడ నుంచి ఒకరు:

సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి చల్లండి. ఆరాక వంటసోడా చల్లి, మర్నాడు దులిపి, బాగా ఎండలో వేయండి. మా బొంతకి పోయింది.

మగ్గం ఇంటి మనిషి:

బొంతకి సరే, ఆ చీరకి మాత్రం అలా చేయకండి అమ్మా. మాది దేవాంగుల ఇల్లు. నేను ఇప్పుడు నేయడం లేదు గానీ పాత చీరలు బాగుచేసి ఇస్తుంటాను.

ముందుగా, ఎండ వద్దు, ఇస్త్రీ వద్దు. వేడి తగిలితే మరక దారంలో పట్టేస్తుంది. రెండోది, పట్టు కూడా మన జుట్టులాంటి మాంసకృత్తే. చాలా సబ్బుపొడుల్లో, పిల్లి ఉచ్చ కోసమని అమ్మే సీసాల్లో మాంసకృత్తుల్ని తినే ఎంజైములు ఉంటాయి. నూలుకి అవి మంచివే. పట్టు మీద పోస్తే మరకతో పాటు దారాన్నీ తింటాయి. వంటసోడా కూడా వద్దు, క్షారం పట్టుకి పడదు.

ఉచ్చ పడినచోట కింద తెల్లటి నూలుగుడ్డ మడతపెట్టి ఉంచండి. పైనుంచి చెంచాతో చన్నీళ్లు పోస్తూ, ఇంకో గుడ్డతో అద్దండి. రుద్దకూడదు, పిండకూడదు. కింద గుడ్డ పసుపు పట్టినప్పుడల్లా మార్చండి. నా అనుభవంలో ఏడెనిమిదిసార్లు మార్చాల్సి వస్తుంది, విసుక్కోకండి. తర్వాత లీటరు నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, లోపలికి దోపుకునే చోట ఒక చుక్క వేసి అద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే ఆపేయండి. అంటకపోతే ఆ నీళ్లతో అద్ది, వెంటనే మంచినీళ్లతో అద్దండి. జరీ మీద పులుపు నిలిస్తే నల్లబడుతుంది, అటు పోనివ్వకండి. చివర్న వడకట్టిన పల్చటి కుంకుడు రసం, మళ్లీ చన్నీళ్లు, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టడం.

వాసన పూర్తిగా ఆరాక చూస్తే తెలియదు. కాస్త చెమ్మగా ఉన్నప్పుడు చూడండి. చెమ్మలో రాకపోతే పోయినట్టే.

రంగు దిగితే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి, ఇది పిల్లి ఉచ్చ అని ముందే చెప్పండి. వాళ్లు మామూలుగా వాడే ద్రావకంలో ఉచ్చ ఉప్పు కరగదు, చెబితే విడిగా నీళ్లతో ఆ చోటు తీస్తారు.

పర్లాకిమిడి నుంచి, నాలుగు పిల్లుల ఇల్లు:

చీర సంగతి అన్నయ్యగారు చెప్పారు కాబట్టి నేను పరుపు, గోడ, చింటూ గురించి చెబుతాను చెల్లీ.

ఉచ్చలోని యూరిక్ ఆమ్లం నీళ్లలో సరిగ్గా కరగదు, సన్నటి స్ఫటికాలుగా లోపల ఉండిపోతుంది. చెమ్మ తగిలితే మళ్లీ కంపు. మన వైపు గాలిలో తేమ తెలిసిందేగా. మగపిల్లి ఉచ్చలో ఫెలినైన్ అనే గంధకపు పదార్థం కూడా ఎక్కువ, అది విరిగినప్పుడే ఆ ఘాటు వస్తుంది.

పరుపుకి ఎంజైమ్ సీసానే వాడండి. ముందు సర్ఫు మిగలకుండా చన్నీళ్లతో తీయండి. ఉచ్చ ఎంత లోతుకి దిగిందో మందు కూడా అంత లోతుకి దిగాలి, పైపైన చల్లితే లాభం లేదు. పాలిథిన్ కప్పి రాత్రంతా తడిగా ఉంచి, తర్వాత ఆరబెట్టండి. గోడకి మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపండి. కలిపింది మూత బిగించి దాచకండి. రంగుబట్టలకి వాడకండి, రంగు పోతుంది. నోట్లు చూసే ఊదారంగు టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి, మనకి తెలియని మరకలు కూడా మెరుస్తాయి.

ఫినాయిల్ మానేయండి. పాదాలకి అంటుకున్నది పిల్లి నాకుతుంది, దాని కాలేయం ఫినాల్‌ని అరిగించుకోలేదు. ఉచ్చ మీద బ్లీచింగ్ కూడా వేయకండి, విషవాయువు వస్తుంది.

గండుపిల్లిని చూసి గోడల మీద చిమ్మడం మామూలే, చింటూకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలామటుకు తగ్గుతుంది. కానీ మంచం మీద కూర్చుని పోశాడంటే నాకు వేరే భయం. మా ఎర్రోడు ఇలాగే పక్కమీద పోశాడు. తర్వాత మాటిమాటికీ మూలకి వెళ్లి ముక్కుతూ కూర్చునేవాడు, ఒక్క చుక్క వచ్చేది కాదు. మలబద్ధకం అనుకుని రెండు రోజులు చూశాను. మూత్రం దారి మూసుకుపోయిందని డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైపోయింది. వాడి పళ్లెం ఇప్పటికీ పారేయలేదు నేను. మీరు ఈ రోజే చూపించండి. ముక్కుతూ ఉచ్చ రాకపోతే రాత్రయినా సరే తీసుకెళ్లండి.

బరంపురం కోడలు:

అక్కా, మీ మాట చదివిన సాయంత్రమే తీసుకెళ్లాను. దారి మూసుకోలేదు, మూత్రాశయం వాచిందట. మందులిచ్చారు, నీళ్లు ఎక్కువ పట్టమన్నారు. తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు.

అన్నయ్యా, గుడ్డ పదకొండుసార్లు మార్చాం. అద్దింది నేను కాదు, అత్తగారే. నన్ను నీళ్లు మాత్రం పోయమన్నారు. రంగు దిగలేదు. నిన్న వాన పడుతుంటే ఆవిడ బీరువా తెరిచి చీర వాసన చూసి, "కుంకుడు వాసన వస్తోంది" అన్నారు. పరుపు కాళ్లవైపు మూల ఇంకా కొంచెం ఉంది, దానికి ఇవాళ రెండోసారి మందు పోసి పాలిథిన్ కప్పాను.