పొపాయ్ లాంటి పాటల కామెడీ బీచ్‌లో తీయాలంటే: లైవ్ పాటా, డబ్బింగా?

తీరంగాలి:
కాలేజీ ఫెస్ట్‌లో తెర మీద వేయడానికి 20 నిమిషాల మ్యూజికల్ కామెడీ తీస్తున్నాం. పాలకూర తింటే బలం పుంజుకునే కార్టూన్ నావికుడు పొపాయ్, అతని ప్రేయసి ఆలివ్ పాత్రలు తీసుకున్నాం. కథ, మాటలు, పాటలు మావే. 1980లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘పొపాయ్’ సినిమాలో పాటలు చాలావరకు సెట్లోనే పాడించారట కదా, మేమూ భీమిలి దగ్గర ఇసుకలో అలాగే పాడించొచ్చా? ఆలివ్ వేసే అమ్మాయికి సంగీతం రాదు. పొపాయ్ లావు చేతులు, ఊరి సెట్ ఎలా చేయాలి? పొపాయ్‌కి ఉత్తరాంధ్ర యాస పెట్టాలనీ ఉంది. మొత్తం బడ్జెట్ 30 వేలు, షూటింగ్ జనవరిలో.

హార్మోనియం పెట్టె:
పాడించొచ్చు. ముందు ఆ సినిమాకి దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. పొపాయ్ వేసిన రాబిన్ విలియమ్స్ నోట్లో పొగ పైపు పెట్టుకుని గొణిగిన మాటలు సరిగ్గా వినపడక తర్వాత మళ్లీ చెప్పించాల్సి వచ్చింది. మీ పొపాయ్ పైపు తీసి చేత్తో పట్టుకుని పాడితే సగం గొడవ వదిలిపోతుంది.

బీచ్‌లో అసలు తలనొప్పి హోరు. ప్రతి టేకులో అల వేరే క్షణంలో విరుగుతుంది. రెండు టేకులు అతికిస్తే పాట కలుస్తుంది గానీ వెనక హోరు ఠక్కున తెగుతుంది. కాబట్టి పాట మొదలు నుంచి చివరిదాకా ఒకే టేకు, రెండు కెమెరాలు. నటుల చెవిలో కనపడని వైపు ఒక ఇయర్‌బడ్ పెట్టి కీబోర్డ్ ట్రాక్ వినిపించండి. లేకపోతే శ్రుతి సరే, లయ టేకు టేకుకీ పరిగెడుతుంది. ఎవరూ కదలకుండా రెండు నిమిషాలు ఉత్త అలల చప్పుడు విడిగా రికార్డ్ చేసుకోండి, అతుకుల కింద పరుచుకోవడానికి పనికొస్తుంది.

ఆలివ్ గురించి బెంగ వద్దు. ఆ సినిమాలో ఆలివ్ వేసిన షెల్లీ డువాల్ గాయని కాదు. పాటలు కట్టిన హ్యారీ నిల్సన్ ఆమెకిచ్చిన పాటలో రెండు మూడు మాటలే ఎక్కువగా తిరిగి తిరిగి వస్తాయి. ఆ తడబాటే అందం. మగవాళ్లకి ఒకటిన్నర, ఆడవాళ్లకి ఐదున్నర అని శ్రుతి ముందే ఖాయం చేసేయకండి. ఆ అమ్మాయి మామూలుగా మాట్లాడే గొంతు పట్టుకుని, దానికి పైన మూడు, కింద రెండు స్వరాల్లోనే వరస కట్టండి.

రీల్ డబ్బా:
నేనైతే డబ్బింగే అంటాను. మధ్యేమార్గం ఒకటుంది. షాట్ ఓకే అయిన వెంటనే, ఆయాసం తగ్గకముందే, కారులో కూర్చోబెట్టి అద్దాలు మూసి, ఏసీ ఆపి, అదే ట్రాక్ వింటూ రెండుసార్లు పాడించి రికార్డ్ చేయండి. ఊపిరి, ఊపు షాట్‌కి దగ్గరగా వస్తాయి. నెల తర్వాత స్టూడియోలో పాడితే ఆ ఊపు రాదు.

@హార్మోనియం పెట్టె, మైకు సంగతి వదిలేశారు. కాలర్ మైకు రొమ్ము ఎముక మీద, బట్ట లోపల అంటించి, దానికి బొచ్చు తొడుగు వేయాలి. ఉత్త స్పాంజి తొడుగు బీచ్ గాలికి ఆగదు.

పరదా వెనక:
చేతుల సంగతి. పొపాయ్ బొమ్మలో నవ్వొచ్చేది మోచేతి కింద లావు వల్ల మాత్రమే కాదు, దాని పైన జబ్బ పుల్లలా ఉండటం వల్ల. అందుకని చొక్కా చేతులు జబ్బకి బిగుతుగా ఉండాలి.

సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర అంగుళం మందం మెత్తటి స్పాంజి షీటు కొనండి. పాత టీషర్టు చెయ్యి కత్తిరించి దాని మీద మూడు పొరలు చుట్టాలి. మామూలు తెల్ల ఫెవికాల్ వద్దు, స్పాంజి లోపల ఆరదు, ఆరినచోట గట్టిపడుతుంది. రబ్బరు గమ్ రెండు వైపులా రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాకే అతికించండి. తర్వాత కత్తెరతో కండె ఆకారంలో చెక్కాలి. పై అంచు మోచేతి మడతకి రెండు వేళ్లు కిందే ఆగాలి. దాటితే చెయ్యి వంచిన ప్రతిసారీ స్పాంజి పైకి తన్నుకొస్తుంది. లోపలివైపు నిలువునా చీల్చి వెల్క్రో పెట్టండి.

పైన చర్మానికి రబ్బరు పాలు (లేటెక్స్) వాడతారు. నాలుగైదు పల్చటి పూతలు వేయాలి. విశాఖ తేమలో మందంగా వేస్తే పైన ఆరి లోపల పాలలాగే ఉండి ఊడొస్తుంది. వట్టి యాక్రిలిక్ రంగు వంగినచోట పగులుతుంది, అందుకని రబ్బరు పాలలోనే కలపాలి. ఆరాక ముదురుతుంది కాబట్టి ఒక ఛాయ తక్కువ కలపండి. ఆరాక పౌడరు అద్దకపోతే దానికదే అంటుకుపోతుంది. కొందరికి పడదు, ముందురోజు మణికట్టు మీద చుక్క వేసి చూడండి. ఇంత శ్రమ వద్దనుకుంటే ఒంటి రంగు లెగ్గింగ్ ఒకటి కొని, దాని రెండు కాళ్లూ కత్తిరించి స్పాంజి మీంచి రెండు చేతులకి తొడిగేయండి. 20 నిమిషాల సినిమాకి చాలు. మణికట్టు అతుకు మీద సన్న కొబ్బరి తాడు రెండు చుట్లు చుడితే కనపడదు.

సరుగుడు తోట:
ఊరి సెట్ వద్దే వద్దు. ఆ సినిమాకి మాల్టా దేశంలోని యాంకర్ బేలో 165 మంది ఏడు నెలలు కట్టారు. దుంగలు హాలండ్ నుంచి, పైకప్పు చెక్కలు కెనడా నుంచి తెప్పించారు. అలలు ఆపడానికి సముద్రానికి అడ్డంగా గోడే కట్టారు. అది ఇప్పటికీ నిలిచి టూరిస్టులకి టికెట్ పెట్టి చూపిస్తున్నారు!

మీకు మూడు ఇంటి ముఖాలు చాలు. సరుగుడు వాసాల ఫ్రేము, దానికి వెదురు తడికలు. ప్లైవుడ్ వద్దు. ఎనిమిదడుగులకి నాలుగడుగుల షీటంటే 32 చదరపు అడుగుల తెరచాప. తడికలోంచి గాలి దూరిపోతుంది. ఇసుకలో మేకు పట్టదు, వాసం రెండడుగులు పాతి, ఏటవాలు ఊతకర్రకి ఇసుక బస్తా కట్టండి. నిలువు కర్రలు ఒక్కోటి ఒక్కో వైపు కొంచెం ఒరగాలి, అప్పుడే కార్టూన్ గీతలా ఉంటుంది. జీఐ (జింకు పూత) స్క్రూలు వాడండి, ఇనప మేకులు ఉప్పుగాలికి రెండో రోజుకే రంగు మీద తుప్పు కారుస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం: మన తీరం తూర్పు ముఖం. ఇళ్లని సముద్రం వైపు తిప్పి, కెమెరా వీపు సముద్రానికి పెట్టండి. పొద్దున్న ఎండ నేరుగా ముఖాల మీద పడుతుంది. బూమ్ మైకు (పొడుగు కర్ర చివర కట్టే మైకు) నటుల వైపు చూస్తుంది, హోరు దాని వెనక్కి పోతుంది. జనవరిలో తెల్లారి గాలి నేల మీంచి మెల్లగా వీస్తుంది, పదీ పదకొండుకి సముద్రపు గాలి ఎక్కుతుంది. పాటలు తొమ్మిదిలోపు ముగించి, సముద్రం కనపడే షాట్లు పాట లేకుండా సాయంత్రం తీసుకోండి. పర్మిషన్ ముందే రాయించుకోండి.

హార్మోనియం పెట్టె:
పైది చూశాక ఒప్పుకుంటున్నాను, కెమెరా అలా పెడితే లైవ్‌కి డోకా లేదు.

యాస: పొపాయ్ ఒక్కడికే పెడితే నవ్వు యాస మీదకి పోతుంది, అది సినిమాలు అరగదీసిన జోకు. ఊరంతా ‘నాను’, ‘ఎల్తన్నాను’ అననివ్వండి. పొపాయ్ మాత్రం పెద్ద మాటలు నమిలెయ్యాలి, ప్రతిజ్ఞని ‘పెతిగ్నె’ అన్నట్టు.

రీల్ డబ్బా:
హక్కులు కూడా. పొపాయ్‌ని సృష్టించిన కార్టూనిస్టు సెగార్ అతన్ని మొదట గీసింది 1929లో, పోయింది 1938లో. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకి కాపీరైట్ తీరుతుంది, కాబట్టి ఆయన గీసిన స్ట్రిప్ (పత్రికల్లో వచ్చిన బొమ్మల కథ) వరకు ఫరవాలేదు. తర్వాతి వాళ్లు గీసినవి, 1980 సినిమా, నిల్సన్ బాణీలు మాత్రం ముట్టుకోవద్దు. పేరుకి ట్రేడ్‌మార్క్ ఉంది, పొపాయ్ టీషర్టులు అమ్మే ఆలోచన ఉంటే మానుకోండి.

తీరంగాలి:
తడికలు, లెగ్గింగ్ ఖాయం. కారులో పాట కూడా రికార్డ్ చేస్తాం, లైవ్ చెడితే పనికొస్తుంది. పాలకూర డబ్బా నొక్కగానే మూత ఎగిరే ట్రిక్ ఎవరికైనా తెలుసా?

పరదా వెనక:
మూత ఎగరడం ఎడిటింగ్‌లో చూసుకోండి. డబ్బా మెత్తటి ప్లాస్టిక్‌దైతే చాలు, నొక్కితే ఉడికిన ఆకు దానంతటదే పైకి తన్నుకొస్తుంది. టేకుకి రెండు కట్టల లెక్కన తెచ్చుకోండి, పచ్చిదైతే పైకి రాదు.