పదో తరగతి లెక్కల్లో వెనకబడిన పిల్లల్ని ఎలా గట్టెక్కించాలి?

నమస్కారం. ఆంధ్రాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మా పదో తరగతిలో కొందరు భిన్నాలు, రుణసంఖ్యల దగ్గరే తడబడుతున్నారు. పబ్లిక్ పరీక్షలో పాసవ్వాలంటే వందకు 35 రావాలి. సగటు, మధ్యగతం, బాహుళకం, సంభావ్యత పదేపదే చేయిస్తే గట్టెక్కుతారని తోటి టీచర్లు అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ రేపు పాలిటెక్నిక్‌లోనో ఇంటర్‌లోనో చేరితే వాళ్ల పరిస్థితేంటి? పునాది లేకుండా పంపడానికి నాకు మనసొప్పడం లేదు.

చేతిలో ఉన్నది సాయంత్రం స్టడీ అవర్ ఒక్కటే. అందులోనూ దూరపు ఊళ్ల ఆడపిల్లలు బస్సు కోసం మధ్యలోనే వెళ్లిపోతారు. ఆ గంటలో 6, 7 తరగతుల లెక్కలకు ఎంతసేపు, పబ్లిక్ ప్రశ్నలకు ఎంతసేపు ఇవ్వాలి? బాగా చదివే పిల్లల్ని వీళ్ల పక్కన కూర్చోబెడితే ఉపయోగం ఉంటుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.