శెనక్కాయ ముద్ద బిగుసుకునేది పిండి ఉబ్బడం వల్లా, నీటి వంతెనల వల్లా?

అనంత_గ్రైండర్ (అనంతపురం)
మాది చిన్న పీనట్ బటర్ యూనిట్. వేయించిన శెనక్కాయ విత్తనాలు రుబ్బితే ముద్ద జారుగా వచ్చి డబ్బాల్లోకి దానంతట అదే దిగుతుంది. మొన్న గ్రైండర్ కడిగి, సరిగా ఆరకముందే సరుకు వేసేశారు. జారుతున్నది కాస్తా చూస్తుండగానే బిగుసుకుపోయి గరిటె నిలబడింది. లోపల ఉన్నది మహా అయితే రెండు చెంచాల నీళ్లు. నీళ్లు పడితే ఏదైనా పల్చబడాలి కదప్పా, ఇదేంటి తిరగబడింది? పిండి నీళ్లు తాగి ఉబ్బిందని మా తమ్ముడు అంటాడు. కాదు, రేణువులను నీరే పట్టి కడుతుందని ఇంకొకరు. ఎవరిది నిజం?

ఫుడ్‌టెక్_కడప
మీ తమ్ముడిదే నిజం అన్నా. శెనక్కాయలో నాలుగో వంతు దాకా ప్రోటీన్, దానికి తోడు పిండిపదార్థం, కాస్త చక్కెర. వేయించాక తేమ 2 శాతం లోపుకు పడిపోయి ఉంటుంది. అంత ఎండిన పొడికి నీళ్లు తగిలితే పీల్చుకోదా? రేణువులు ఉబ్బుతాయి, చక్కెర కరిగి జిగురవుతుంది. కథ అయిపోయింది.

ముగ్గురాయి (ఓబులవారిపల్లె)
కథ అప్పుడే అవ్వలేదు మేడమ్. మా మంగంపేట ముగ్గురాయి, అదే బెరైటీస్, వట్టి బేరియం సల్ఫేట్. నీళ్లలో కరగదు, ఉబ్బదు, దాంట్లో ప్రోటీన్ లేదు, చక్కెర లేదు. చమురు బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ మడ్, అంటే బావిలోకి పంపే బురద లాంటి ద్రవం, బరువు పెంచడానికి ఈ పొడే కలుపుతారు. నూనె ఆధారంగా చేసిన మడ్‌లో ఈ పొడిని నీరు తడిపిందంటే రేణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి. జల్లెడలు మూసుకుపోతాయి, బరువంతా అడుక్కు దిగుతుంది. అలా కాకూడదనే వెట్టింగ్ ఏజెంట్, అంటే రేణువులకు నీరు కాక నూనె పట్టేలా చేసే మందు, వేస్తారు. ఉబ్బడమే కారణమైతే రాయికి ఈ జబ్బు ఎందుకు రావాలి?

కర్నూలు_కెమిస్ట్రీ
ముగ్గురాయి గారు పట్టింది అసలు పాయింట్. నూనెలో నీరు కలవదు. చిన్న చుక్కలుగా విడిపోయి, రెండు రేణువులు తాకే చోట చేరి వంతెనలా నిలుస్తుంది. దాని తలతన్యత ఆ రెండింటినీ దగ్గరికి లాగుతుంది. పెన్నా ఇసుక చూడండి: పొడిగా ఉంటే జారిపోతుంది, కాస్త తడిపితే గోడలా నిలుస్తుంది, నీళ్లలో మునిగితే మళ్లీ కూలుతుంది. అక్కడ రేణువుల చుట్టూ గాలి, మీ గ్రైండర్‌లో నూనె. అంతే తేడా.

రేణువు సన్నబడేకొద్దీ ఈ పట్టు ఎందుకు గెలుస్తుందో కూడా చెప్పాలి. వంతెన లాగే బలం రేణువు వ్యాసార్థంతో పాటు తగ్గుతుంది, బరువు మాత్రం వ్యాసార్థం ఘనంతో తగ్గుతుంది. రేణువు పదో వంతుకు చిన్నదైతే బలం పదో వంతు మిగులుతుంది, బరువు వెయ్యో వంతే. అందుకే మెత్తగా రుబ్బిన ముద్దకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది, కచ్చాపచ్చాగా దంచిన దానికి అంతగా కాదు.

ఫుడ్‌టెక్_కడప
సార్, రాయిని నీరు తడుపుతుంది కాబట్టి వంతెన కడుతుంది, సరే. శెనక్కాయ రేణువు నూనెలో నానిపోయి ఉంటుంది. నూనె పట్టిన దాన్ని నీరు తడపదు కదా. మరి వంతెన దేని మీద నిలుస్తుంది? పైగా ఇలాంటి ముద్ద మరుసటి రోజుకు ఇంకా గట్టిపడుతుంది. వంతెనలు కలిపినప్పుడే కట్టేసుకుంటే, రాత్రంతా ఏం జరుగుతున్నట్టు?

కర్నూలు_కెమిస్ట్రీ
మంచి ప్రశ్న. మొదటి దానికి జవాబు 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. జర్మనీలోని కార్ల్‌స్రూహెలో ఎరిన్ కూస్, నార్బర్ట్ విల్లెన్‌బాకర్ చేసిన పని. కొద్దిగా కలిసిన రెండో ద్రవం (మీ ముద్దలో నీరు) రేణువును బాగా తడపకపోయినా ముద్ద బిగుస్తుందని చూపించారు. అప్పుడు చుక్క రెండు రేణువుల మధ్య వంతెనగా ఉండదు. చుక్క చుట్టూ కొన్ని రేణువులు గుంపు కడతాయి, ఆ గుంపులు ఒకదానికొకటి తగులుకుని వల అవుతాయి. రెండో ద్రవం ఒక్క శాతమో, అంతకన్నా తక్కువో ఉన్నా పారేది జెల్లీలా నిలబడిపోవచ్చు.

ఇక ఉబ్బడం లెక్క వేద్దాం. కిలో ముద్దలో సగం నూనె అనుకోండి, దాని ఘనపరిమాణం 550 మిల్లీలీటర్ల దాకా. మిగతా గట్టి పదార్థం 370 దాకా. అంటే గట్టి పదార్థం వాటా సుమారు 40 శాతం. పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చుక్క వదలకుండా అంతా రేణువులే తాగేశాయనుకున్నా ఆ వాటా 41 దగ్గరే ఆగుతుంది. ఆ ఒక్క శాతానికి గరిటె నిలబడుతుందా? రాత్రంతా జరిగేది మాత్రం మీరన్న ఉబ్బడమే కావచ్చు, దానితో నాకు తగాదా లేదు. క్షణాల్లో బిగిసిన దానికి అది కారణం కాదంటున్నాను.

ఫుడ్‌టెక్_కడప
లెక్క బాగుంది. కానీ నీరు ముద్దంతా సమానంగా పంచుకోదు. తగిలిన చోట పైపొర రేణువులే మొత్తం తాగి బంక అవుతాయి. చక్కెర జిగురును మీరు అసలు ముట్టుకోలేదు.

ముగ్గురాయి (ఓబులవారిపల్లె)
వాదన ఎందుకు, తేల్చేద్దాం. కడిగి ఎండబెట్టిన సన్న ఇసుక పొడిని శెనగ నూనెలో జారుగా కలపండి. నాలుగు చుక్కల నీళ్లు వేసి బాగా తిప్పండి. ఇసుకలో చక్కెర లేదు. బిగిస్తే వంతెనలదే గెలుపు. ఆ తర్వాత రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేయండి. తలతన్యత పడిపోతే పట్టు కూడా సడలాలి.

అనంత_గ్రైండర్ (అనంతపురం)
ఇసుక సంగతి సాయంత్రం చూస్తా. ముందు నా సరుకు గురించి చెప్పండి. ఇంకాస్త నూనె పోసి తిప్పితే అమ్ముకోవచ్చా?

కర్నూలు_కెమిస్ట్రీ
నూనె పోస్తే రేణువులు దూరమై కొంత జారుతుంది, నీరు మాత్రం లోపలే ఉంటుంది. లెసిథిన్ (నూనెనూ నీటినీ కలిపి ఉంచడానికి ఆహారంలో వేసే కొవ్వు పదార్థం) వేసినా అంతే. అది నూనెకూ నీటికీ మధ్య తలతన్యత తగ్గించి పట్టు సడలిస్తుంది, నీటిని తీసేయదు.

ఫుడ్‌టెక్_కడప
అమ్మొద్దన్నా. ఇక్కడ మాత్రం సార్‌కూ నాకూ తేడా ఉండదనుకుంటా. పీనట్ బటర్ బయట పెట్టినా నెలల తరబడి నిలిచేది దాంట్లో తేమ లేకనే. ఆ రెండు చెంచాల నీళ్లు బూజుకు చోటిస్తాయి. శెనక్కాయ బూజు అంటే అఫ్లాటాక్సిన్ భయం, అది మామూలు వేడికి పోయే విషం కాదు. ఆ సరుకు పక్కన పెట్టేయండి. ఇక మీదట కడిగిన గ్రైండర్‌ను వేడి గాలితో ఆరబెట్టి, ముందు ఒక పిడికెడు విత్తనాలు రుబ్బి పారేసి, ఆ తర్వాతే అసలు సరుకు వేయండి. ఇసుకలో ఏం తేలిందో ఇక్కడే రాయండి, చక్కెర పాకం కలిపి ఇంకో గిన్నె కూడా పెట్టండి.