మామాని (మేడమ్‌ని) సెలవు అడగాలి: అరబీలో ‘తిస్మహ్ లీ’ అనాలా, ‘లౌ సమహ్త్’ అనాలా?

రాజంపేట డ్రైవర్:
అన్నలకు, అక్కలకు నమస్తే. కువైట్‌లో, సాల్మియాలో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేస్తున్నా. ఇంటి మేడమ్‌ను మామా అని, సార్‌ను బాబా అని పిలుస్తాం. రూహ్ (పో), తాల్ (రా), జీబ్ (తీసుకురా), ఖలాస్ (అయిపోయింది) లాంటి అరబీ మాటలతో పని గడిచిపోతోంది. శుక్రవారం మా బావమరిది కొత్తగా కువైట్‌లో దిగుతున్నాడు, ఎయిర్‌పోర్టుకు పోవాలి. ‘అబీ అరూహ్’ అంటే నాకు పోవాలని ఉంది అని చెప్పినట్టే గానీ, మామాని అడిగినట్టు లేదు. పిల్లలు బాబాను ‘తిస్మహ్ లీ’ అంటారు. బకాలాలో (కిరాణా కొట్టులో) ‘లౌ సమహ్త్’ వినపడుతుంది. బండి పెట్టుకోవచ్చా అని వాచ్‌మన్‌ను అడగాలంటే ‘మస్మూహ్?’ అంటారు. ఇవన్నీ ఒకటేనా?

ఫర్వానియా అక్క:
అన్నీ ఒకే కుటుంబం తమ్ముడూ. సమహ్ అంటే అనుమతి ఇచ్చాడు, యిస్మహ్ అంటే ఇస్తాడు, మస్మూహ్ అంటే అనుమతి ఉన్నది. ‘లౌ సమహ్త్’ అంటే ‘మీరు ఒప్పుకుంటే’. మనం ‘ఏమండీ, కాస్త’ అనే చోటల్లా పడుతుంది.

నువ్వు చూసుకోవాల్సింది ఆడ, మగ తేడా. బాబాతో అయితే లౌ సమహ్త్, తిస్మహ్ లీ. మామాతో లౌ సమహ్తి, తిస్మహీన్ లీ. ‘లీ’ అంటే నాకు, దాన్ని మింగేయొద్దు. ఇలా అడుగు: ‘మామా, లౌ సమహ్తి, తిస్మహీన్ లీ అరూహ్ ఇల్‌మతార్ యోమ్ ఇల్‌జుమా?’ శుక్రవారం ఎయిర్‌పోర్టుకు పోనిస్తారా అని.

‘ఆదీ, రూహ్’ అంటే సరే అన్నట్టే. ‘ఇన్ షా అల్లా’ అని ఊరుకుంటే మాత్రం గురువారం మళ్లీ గుర్తు చెయ్యి. అక్కడే చాలామందికి టెన్షన్.

జగిత్యాల మామ (దుబాయ్ నుంచి వాపస్):
తమ్మీ, ‘హ్’ జాగ్రత్త. అద్దం తుడిచే ముందు దాని మీద ఊదుతాం చూడు, గొంతులోంచి ఆ గాలి రావాలి. అది పోయి ‘ఇస్మా’ అయిందంటే ‘విను’ అని మేడమ్‌కే ఆర్డర్ వేసినట్టు! ఇంకోటి, గల్ఫ్‌లో ‘ఇస్మహ్ లీ’ని సారీ చెప్పడానికి కూడా వాడతారు. దుబాయ్‌లో మేం ‘ఇస్సమూహా’ అనేవాళ్లం, అదీ ఇదే కుటుంబం. అందుకే ఎవరైనా నీకు దారిలో తగిలి ‘ఇస్మహ్ లీ’ అంటే, ఏం పర్మిషన్ అని బుర్ర గోక్కోకు.

రాజంపేట డ్రైవర్:
థ్యాంక్స్ అక్కా, మామా. మేడమ్ ఒప్పుకోకపోతే ఏమంటుంది? బోర్డుల మీద ‘మమ్నూ’ అని ఉంటుంది, అదేనా?

ఫర్వానియా అక్క:
‘మమ్నూ’ వేరే మాట, నిషేధం అని. మస్మూహ్‌కు ఎదురు. నో పార్కింగ్ బోర్డు మీద ఉండేది ‘మమ్నూ అల్‌వుఖూఫ్’. మనిషి తానుగా కాదంటే ‘మా అస్మహ్’ అంటారు, ‘నేను ఒప్పుకోను’ అని. అది కొంచెం కటువు, నీలాంటి పనికి మామా అంత దూరం పోదులే. ‘లా, అల్‌యోమ్ షుఘుల్’ అంటుందేమో, ఈరోజు పని ఉందని.

తిరిగొచ్చే టైమ్ కూడా ముందే చెప్పేయ్: ‘అర్జా ఇస్సాఆ ఖమ్స్’, అయిదుకు వస్తా అని. ఎప్పుడొస్తావో తెలిస్తే చాలావరకు ‘రూహ్’ అనేస్తారు.