రెండో పెళ్ళి, మూడు రకాల పిల్లలు: వీలునామా ఎట్లా రాయాలి? (తిరుపతి)

బైరాగిపట్టెడ_నాన్న:
అందరికీ నమస్తే. నాకు 51, తిరుపతిలోనే ఉంటాము. మొదటి భార్య 2013లో పోయింది, ఆమెకి పుట్టిన పెద్దమ్మాయి ఇప్పుడు బెంగళూరులో జాబ్ చేస్తోంది. 2018లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, ఆమెకీ మొదటాయన యాక్సిడెంట్‌లో పోయినాడు, ఒక పిల్లోడు ఉన్నాడు, నన్ను నాన్నా అనే పిలుస్తాడు, నాకూ వాడు వేరే అని ఎప్పుడూ అనిపించలేదు. తర్వాత మా ఇద్దరికీ ఒక పాప. మా అమ్మ కూడా మా దగ్గరే, 78 ఏళ్ళు.

పోయిన నెల మా ఆఫీసులో ఒకాయన ఉన్నట్టుండి పోయినాడు, దివసాలు కూడా కాకముందే ఇంట్లో కాగితాల గొడవ మొదలైంది, అది చూసినప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. నాకున్నది బైరాగిపట్టెడలో కిందా పైనా రెండు పోర్షన్ల ఇల్లు, నా లోన్‌తో కట్టింది. రేణిగుంట రోడ్డు వైపు 40 అంకణాల స్థలం, అది మొదటి భార్య పేరు మీద, వాళ్ళ నాయన పెళ్ళప్పుడు రాసిచ్చింది. చంద్రగిరి దగ్గర మూడెకరాలు, నేనూ మా అన్నా ఇంకా పంచుకోలేదు. ఎల్ఐసీ, పీఎఫ్. ఎల్ఐసీలో నామినీ ఇంకా పోయినామె పేరే ఉంది, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

నేను పోయినాక ఇప్పటి భార్య ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఆమెది, తర్వాత ముగ్గురు పిల్లలకీ సమానం, ఇంతే నా ఆలోచన. ఫ్రెండ్ ఒకడేమో వీలునామా ఎందుకురా, ఎట్లాగూ ముగ్గురికీ సమానంగానే వస్తుంది అంటాడు. నిజమేనా?

అలిపిరి_బండి:
అన్నా సింపుల్, అన్నిట్లో వదిన పేరు నామినీగా పెట్టేయ్, అయిపోతుంది.

చిత్తూరు_కోర్టు_సెంటర్:
అట్లా అయిపోదు బ్రదర్. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, ఓనర్ కాదు. ఎల్ఐసీ మీద సుప్రీంకోర్టు ఈ మాట 1984లోనే చెప్పింది, షేర్ల మీద 2023లో మళ్ళీ చెప్పింది. 2015లో ఇన్సూరెన్స్ చట్టం మార్చి భార్యా పిల్లలూ తల్లిదండ్రులూ నామినీ అయితే డబ్బు వాళ్ళదే అని పెట్టినారు గానీ దాని మీద హైకోర్టులు తలో మాట అంటున్నాయి. నామినీ పేరు మాత్రం ఈ వారమే మార్పించండి సార్, అది వేరే విషయం.

ఇప్పుడు మీ ఫ్రెండ్ చెప్పింది. 30 ఏళ్ళుగా ఈ కాగితాల మధ్యనే ఉన్నా కాబట్టి గట్టిగా చెప్తున్నా, అది తప్పు. వీలునామా లేకుండా మీరు పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు నాలుగు వాటాలు అవుతుంది: మీ అమ్మ, మీ భార్య, పెద్దమ్మాయి, చిన్న పాప. పిల్లోడికి సున్నా. నాన్నా అని పిలిచినా, మీరే ఫీజులు కట్టినా, ఆధార్‌లో మీ అడ్రసే ఉన్నా సున్నానే. దత్తత తీసుకుంటే వేరే సంగతి, దానికి వేరే రూల్స్ ఉన్నాయి. ఇంకా వినండి, మీ అమ్మ వాటా ఆమె తర్వాత మీ అన్నకీ, అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళకీ కూడా పోతుంది, మీ వంతు కింద మీ ఇద్దరు ఆడపిల్లలకీ కొంత వస్తుంది. అంటే మీ ఇంట్లో మీ అన్న కూడా భాగస్తుడు. మీ భార్య వాటా ఆమె తర్వాత పిల్లోడికీ చిన్న పాపకీ పోతుంది, పెద్దమ్మాయి ఆమెకి వారసురాలు కాదు. ఎవరూ ఎవర్నీ మోసం చేయకుండానే లెక్క ఇన్ని రకాలుగా తిరుగుతుంది.

రేణిగుంట స్థలం మొత్తం మీది అనుకుంటున్నట్టున్నారు. కాదు సార్. మొదటామె పోయిన రోజే అది మీకు సగం, పెద్దమ్మాయికి సగం అయిపోయింది. వీలునామాలో ఆ స్థలం మొత్తం ముగ్గురికీ అని రాస్తే ఆ అమ్మాయి సగం రాసే హక్కు మీకు లేదు. చంద్రగిరి భూమి మీ తాత నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే మీ ఆడపిల్లలిద్దరికీ అందులో పుట్టుకతోనే హక్కుంది, మీరు రాయగలిగేది మీ వంతు వరకే. మీ నాయన సొంతంగా కొని ఉంటే లెక్క మారుతుంది, కాబట్టి ముందు పాత దస్తావేజులూ, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు) తీసుకుని కూర్చోండి.

పుత్తూరు_అక్క:
మా ఇంట్లో జరిగింది చెప్తా తమ్ముడూ. మా అమ్మ పోయినాక మా నాయన రెండో పెళ్ళి చేసుకున్నాడు, చిన్నమ్మతో పాటు ఆమె కొడుకు వచ్చినాడు, మా కంటే చిన్నోడు. మేమిద్దరం చదువులకని బయటికొచ్చేసినాం, నాయన అంగడి పదేళ్ళు చూసుకున్నది వాడే, నాయన మంచాన పడితే సేవ చేసింది వాడే. నాయన అందరి ముందరా అంటుండేవాడు అంగడి వాడిదేనని. కాగితం మీద మాత్రం ఒక్క అక్షరం లేదు.

నాయన పోయినాక ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి పోతే వారసుల్లో వాడి పేరు రాయడం కుదరదన్నారు. వాడు అక్కడే నిలబడి ఉన్నాడు, ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. నా వాటా వదులుకుంటున్నానని నేను చిన్నమ్మకి రిలీజ్ కాగితం రాసిచ్చేసినా, ఆమె ద్వారా వాడికి పోతుందిలే అని. నా సొంత తమ్ముడు రాయనన్నాడు. చట్టం నా తమ్ముడి పక్కనే ఉంది, నేనేం మాట్లాడతా. ఇప్పుడు సంక్రాంతికి మేము పుత్తూరు పోతే చిన్నమ్మ కొడుకు రాడు, వాడు పోతే మేము పోము.

అందుకే చెప్పేది, మీ పిల్లోడి పేరు వీలునామాలో స్పష్టంగా రాయి. ముగ్గురు పిల్లలకీ అని రాస్తే చాలదు, ఎవరెవరో పేర్లతో రాయాలి. ఇంకోటి, పెద్దదానికి నువ్వే ఫోన్ చేసి చెప్పు. నాకేం వద్దు నాన్నా అని 22 ఏళ్ళకి అందరూ అంటారు, పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టినాక అదే మాట మీద ఉంటుందని లేదు.

బైరాగిపట్టెడ_నాన్న:
అక్కా, చదివి కాసేపు ఏం టైప్ చేయాలో తెలీలేదు. సార్, స్థలం సంగతి నాకు నిజంగా తెలీదు, థ్యాంక్స్. మరి ఇల్లు ఆమెకి జీవితాంతం, తర్వాత పిల్లలకి అని రాయొచ్చా? లేకపోతే ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసేయమంటారా?

చిత్తూరు_కోర్టు_సెంటర్:
గిఫ్ట్ వద్దు. రిజిస్టర్ అయినాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం, వీలునామా అయితే మీరు బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఎప్పుడైనా పిల్లలకి గిఫ్ట్ రాసినా మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు దస్తావేజులోనే రాయించండి, లేకపోతే 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం కింద రద్దు అడగడం కష్టం. ఆ చట్టంలో తల్లి అంటే సవతి తల్లి కూడా.

జీవితాంతం హక్కు రాయొచ్చు, కానీ అందులో మెలిక ఉంది. 1977లో తులసమ్మ కేసు అని మన ఆంధ్ర నుంచే సుప్రీంకోర్టుకి పోయింది. భార్యకి మనోవర్తి, అంటే పోషణ ఖర్చు అడిగే హక్కు ఎట్లాగూ ఉంది కాబట్టి దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి, కాగితంలో జీవితకాలం మాత్రమే అని రాసినా పూర్తి హక్కు అయిపోతుందని తీర్పు. వీలునామాలకి ఇది ఎంతవరకు వర్తిస్తుందని తర్వాత తీర్పులు అటూ ఇటూ పోయినాయి, 2024 డిసెంబర్‌లో మళ్ళీ పెద్ద బెంచికి పంపినారు. కాబట్టి మొత్తం ఇల్లు దాని మీదే ఆధారపెట్టకండి. మీకు రెండు పోర్షన్లు ఉన్నాయి కదా, కింద పోర్షన్ ఆమెకి పూర్తిగా, పైది పెద్దమ్మాయికి, మీ వంతు పొలం, డబ్బు మిగిలిన ఇద్దరికీ, ఇట్లా విడగొడితే ఒకరు పోయేదాకా ఇంకొకరు కాచుకుని కూర్చునే పని ఉండదు. సమానంగా రాకపోవచ్చు, పర్లేదు.

తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంప్ పేపర్ అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు మీ సంతకం చూసి మీ ముందే సంతకం పెట్టాలి, ఆస్తి వచ్చేవాళ్ళని సాక్షిగా పెట్టకండి, మీ కంటే చిన్నవాళ్ళని పెట్టండి. రిజిస్ట్రేషన్ కంపల్సరీ కాదు గానీ చేయించండి. మీ భార్యని కూడా విడిగా ఒకటి రాయమనండి, ఆమె తర్వాత పెద్దమ్మాయికి ఏమైనా పోవాలంటే అదే దారి. పిల్లోడికి వాళ్ళ నాయన ఆస్తిలో వాటా అట్లాగే ఉంటుంది, మీ ఇంటికొచ్చినంత మాత్రాన పోదు, అదీ కనుక్కోండి.

బైరాగిపట్టెడ_నాన్న:
అప్‌డేట్. ఎల్ఐసీ నామినీ మార్పించినా. ఆదివారం పెద్దమ్మాయి వస్తే అందరం కూర్చుని మాట్లాడుకున్నాం, స్థలంలో సగం తనదే అంటే తనకీ తెలీదంట. మా ఆవిడ ఆ పోర్షన్ల లెక్కకే ఒప్పుకుంది. మా అమ్మ అంతా విని, నాక్కూడా ఒక కాగితం రాయించరా అని కూర్చుంది. గురువారం ఇద్దరం పోతున్నాం. కాసులపేరు ఎవరికి రాస్తుందో మాత్రం చెప్పడం లేదు.